హమ్మయ్య పరీక్ష: ఓసీడీలో భరోసా అడగడం మాని, మనకు మనమే కోచ్‌గా మారడం ఎలా

ఒకప్పుడు నా ఫోనులో గ్యాస్ రెగ్యులేటర్ ఫొటోలు 300కు పైగా ఉండేవి. పిల్లల ఫొటోలకంటే అవే ఎక్కువ. ఆ ఫొటోల అలవాటు మొదలుకాక ముందు, ఉదయం బడికి బయలుదేరే వేళ మా ఇంటి గుమ్మంలో రోజూ నడిచిన సంభాషణ ఇది.

"ఏమండీ, గ్యాస్ కట్టేశానా?"

"కట్టేశావు."

"మీరు చూశారా?"

"చూశాను."

"నిజంగా చూశారా, నేను అడిగానని ఊరికే అంటున్నారా?"

"నీ మీద ఒట్టు. బయలుదేరు, బస్సు పోతుంది."

ఆ ఒట్టు బలం బెంజి సర్కిల్ దాకా వచ్చేది. అక్కడ బస్సు సిగ్నల్ దగ్గర ఆగగానే మళ్ళీ ఫోను తీసేదాన్ని. చివరికి విసిగిపోయి, రెగ్యులేటర్‌ను ఫొటో తీసి దగ్గర పెట్టుకోమని ఆయనే సలహా ఇచ్చారు. వారం రోజులు అద్భుతంగా పనిచేసింది. ఎనిమిదో రోజు బస్సులో ఫొటో చూస్తూ, ఇది ఈ రోజుదేనా అనిపించింది. తేదీ చూశాను, ఈ రోజుదే. మరి ఫొటో తీశాక చెయ్యి తగిలి నాబ్ తిరిగిందేమో? ఆ ప్రశ్నకు ఏ ఫొటో జవాబు చెబుతుంది!

ఇంట్లో అందరూ దీన్ని చాదస్తం అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇది ఓసీడీ (అక్కరలేని అనుమానాలు మళ్ళీ మళ్ళీ వచ్చి, వాటిని అణచడానికి ఒకే పనిని పదేపదే చేయించే జబ్బు) అని ఒక సైకియాట్రిస్టు నోట వినేసరికి తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. చాదస్తానికీ దీనికీ తేడా ఇప్పుడు నాకు ఒక్క ముక్కలో చెప్పడం వచ్చు. చాదస్తం ఉన్నవాళ్ళు తాము చేసేది సరైనదని నమ్మి, కాస్త గర్వంగా కూడా చేస్తారు. ఓసీడీ ఉన్నవాళ్ళలో చాలామంది అర్థం లేదని తెలిసీ, సిగ్గుపడుతూ, కొన్నిసార్లు ఏడుస్తూ చేస్తారు.

ఈ మార్గదర్శి చికిత్సకు బదులు కాదు. ఓసీడీకి బాగా పనిచేస్తుందని తేలిన మాటల చికిత్స పేరు ఈఆర్‌పీ. భయపెట్టే పరిస్థితికి కావాలనే ఎదురు నిలవడం, ఆ తర్వాత చేయక తప్పదనిపించే పనిని చేయకుండా ఆగడం, స్థూలంగా ఇంతే. లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు 1966లో ఇద్దరు రోగుల అనుభవం ప్రచురించడంతో దీనికి బాట పడింది. అయితే వారానికి 168 గంటలు. సైకాలజిస్టు దగ్గర మనం కూర్చునేది అందులో ఒక గంట. మిగిలిన 167 గంటలూ మనతో ఉండే మనిషి మనమే. ఆ మనిషి మనతో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు అన్నదే ఇక్కడి విషయం.

భరోసా ఎందుకు పనిచేయదు

అనుమానం పెనుభూతం అని మన సామెత. దాన్ని పెంచేది ఏమిటో మాత్రం సామెత చెప్పదు. నా అనుభవంలో దాన్ని పెంచేది జవాబు.

2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ అనే పరిశోధకులు ఓసీడీ లేని మామూలు విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ బర్నర్లను మళ్ళీ మళ్ళీ సరిచూయించారు. చివరిసారి ఏ బర్నర్లను చూశారో వాళ్ళకు సరిగ్గానే గుర్తుంది. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం తగ్గింది. అంటే జ్ఞాపకం సరిగా లేక సరిచూసుకుంటున్నాం అనుకుంటాం గానీ, సరిచూసుకునేకొద్దీ జ్ఞాపకం మీద నమ్మకం పోతుంది. ఆ పరిశోధన గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. 300 ఫొటోలు తీసి నేను సాధించింది ఇదన్నమాట.

మరొకరిని అడగడమూ సరిచూసుకోవడమే. చూసేది మన కళ్ళతో కాకుండా వాళ్ళ నోటితో, అంతే తేడా. ఒకసారి జవాబు దొరకగానే ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరట చాలా తీపిగా ఉంటుంది, గజ్జిని గోక్కున్నప్పుడు ఉండే సుఖం లాంటిది. మెదడు దాన్నుంచి రెండు పాఠాలు నేర్చుకుంటుంది. ఒకటి, అది నిజంగానే అపాయం, అందుకే అడగాల్సి వచ్చింది. రెండు, అడిగితేనే గట్టెక్కుతాం. మరుసటి రోజు అనుమానం ఇంకాస్త తొందరగా, ఇంకాస్త గట్టిగా వస్తుంది.

మొదటి మెట్టు: ఏది ప్రశ్న, ఏది భరోసా?

ప్రతి ప్రశ్ననూ అనుమానించడం మొదలుపెడితే అదొక కొత్త జబ్బవుతుంది. కొత్త మందు భోజనానికి ముందా తర్వాతా అని డాక్టరును అడగడం మామూలు ప్రశ్న. తెలియని విషయం, ఒకసారి అడిగాం, జవాబు విన్నాం, వచ్చేశాం.

భరోసా అడగడం వేరు. జవాబు మనకు ముందే తెలుసు. ఆ జవాబు కోసం కాదు, అది చెప్పే గొంతు కోసం అడుగుతాం. గొంతులో కాస్త విసుగు వినిపించినా చాలదు, మళ్ళీ చెప్పించుకుంటాం. ఒకరు చెబితే చాలక ఇంకొకరిని అడుగుతాం. ఒట్టు వేయించుకుంటాం.

భరోసా ఎప్పుడూ ప్రశ్న రూపంలోనే రాదు. "నేను పొద్దున పాలగిన్నె దించి గ్యాస్ కట్టేశాను కదా" అని మామూలుగా మాట్లాడుతున్నట్టు అని, ఎదుటివాళ్ళ ముఖం చూడటం కూడా అదే. నేను ఇందులో ఆరితేరినదాన్ని. ఆయన కనుబొమ ముడిపడకపోతే గ్యాస్ కట్టేసినట్టు లెక్క. ఇంటర్నెట్‌లో రాత్రి ఒంటిగంటదాకా వెతకడం, డాక్టర్ల వీడియోలు వరసగా చూడటం, ఈ మధ్య కృత్రిమ మేధ చాట్ యాప్‌లను అడగడం, అన్నీ ఈ కోవలోవే. చాట్ యాప్ మరీ ప్రమాదం. దానికి విసుగు రాదు. మా ఆయనకు కనీసం నాలుగోసారికి కోపం వచ్చేది.

అన్నిటికంటే కనిపించనిది, మనల్ని మనమే అడిగి మనమే చెప్పుకునే భరోసా. దాని గురించి మూడో మెట్టులో వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది జారిపడేది అక్కడే.

రెండో మెట్టు: వారం రోజుల లెక్క

ఒక చిన్న పుస్తకం తీసుకోండి. వారం పాటు ఏమీ మానకండి, రాయండి అంతే. ఎప్పుడు, ఎవరిని, ఏ మాటలతో అడిగారు, ఊరట ఎంతసేపు నిలిచింది. ఆందోళనకు 0 నుంచి 100 వరకు ఒక అంకె వేసుకోండి. అంకె కచ్చితంగా ఉండాలని కొలుచుకుంటూ కూర్చోకండి, నోటికి వచ్చిన అంకె చాలు. కచ్చితత్వం కోసం పాకులాడటం మన జబ్బులో భాగమే.

నా పుస్తకంలో ఒక మంగళవారం ఇలా ఉంది: "7.50, ఆయన్ని, గ్యాస్ కట్టేశానా అని. 70. ఊరట పది నిమిషాలు. 8.05, ఫొటో చూశాను. 60. ఊరట రెండు నిమిషాలు. 8.10, అత్తయ్యకు ఫోను, వంకాయలు తేవాలా అని. అసలు సంగతి, ఇంట్లో ఏమైనా వాసన వస్తోందని ఆమె అంటుందేమోనని."

ఆ వంకాయల మాట రాసేటప్పుడు సిగ్గేసింది. కానీ లెక్క రాయకపోతే అది భరోసా అని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. వారం చివర కూడికలు చేస్తే రోజుకు సగటున 23 తేలాయి. నేను ఆరేడు అనుకున్నాను.

మూడో మెట్టు: కోచ్ మాట తయారుచేసుకోవడం

కబడ్డీ ఆట చూసే ఉంటారు. కూతకు వెళ్ళే ఆటగాడితో కోచ్ ఏమంటాడు? నిన్నెవరూ పట్టుకోరు, నాదీ పూచీ అనడు. అలా అనే కోచ్‌ను ఎవరూ ఉంచుకోరు. కుడివైపు వెళ్ళు, బోనస్ గీత చూసుకో, ఊపిరి వదలకు అంటాడు. పట్టుబడతాడో లేదో ఇద్దరికీ తెలియదు. తెలియకుండానే గీత దాటాలి.

మనతో మనం మాట్లాడుకునే మాట కూడా అలాగే ఉండాలి. నేను మొదట రాసుకున్న కోచ్ మాట ఇది: "గ్యాస్ కట్టేశాను. నాకు గుర్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మరచిపోలేదు. ఏమీ కాదు." చాలా ధైర్యంగా ఉందని అనిపించి, అద్దం పక్కన అంటించుకున్నాను. మా సైకాలజిస్టు చదివి, ఇది మీ వారి ఒట్టే కదా, రాసింది మీరు గానీ అన్నారు. నిజమే. అనుమానం అడిగిన ప్రశ్నకు ఆ కాగితం జవాబు చెబుతోంది. చెప్పేవాళ్ళు మారారు, సరుకు మారలేదు.

తర్వాత రాసుకున్నది: "మళ్ళీ వచ్చింది. దీనికి ఇప్పుడు జవాబు వెతకను. బస్సు ఎక్కుతాను."

ఈ రెండిటి మధ్య తేడా పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన గుర్తులు కొన్ని చెబుతాను. మొదటిది, కోచ్ మాటలో భయం పేరు ఉండకూడదు. గ్యాస్ అన్న పదం ఎక్కడా లేకుండా రాయండి. అదే వాక్యం చేతికంటిన మైలకూ, పూజలో వచ్చిన పాడు ఆలోచనకూ, తాళం వేశానా అన్న దిగులుకూ మార్చకుండా సరిపోవాలి. సరిపోతే అది కోచ్ మాట. ఒక్క అనుమానానికే సరిపోతే అది దాదాపుగా భరోసాయే. రెండోది, చివర ఒక పని ఉండాలి, అదీ చేతులతో కాళ్ళతో చేసే పని. బస్సు ఎక్కడం, కూర తరగడం, పాపకు జడ వేయడం. "ప్రశాంతంగా ఉంటాను" పని కాదు, కోరిక. మూడోది, ఆందోళన తగ్గుతుందని అది మాట ఇవ్వకూడదు. తగ్గకపోతే ఆ మాట అబద్ధమైపోతుంది, మనం మళ్ళీ ఫోను తీస్తాం.

అసలు పరీక్ష మాత్రం ఒకటే. దాన్ని హమ్మయ్య పరీక్ష అంటాను. ఆ మాట చెప్పుకోగానే లోపల "హమ్మయ్య" అనిపిస్తే మీరు భరోసా తీసుకున్నారు. "సరే కానీ, తప్పదు" అనిపిస్తే అది కోచింగ్. భరోసా తీసుకున్నప్పుడు భుజాలు వాలిపోతాయి. కోచ్ మాట తర్వాత కడుపులో ఆ ముడి అలాగే ఉంటుంది, కాళ్ళు మాత్రం కదులుతాయి.

మరో ఇబ్బంది ఉంది. మంచి కోచ్ మాట కూడా చెడిపోతుంది. నాది మూడు వారాలకు చెడింది. బస్సులో కూర్చుని "జవాబు వెతకను, జవాబు వెతకను" అని మంత్రంలా పదకొండుసార్లు అనుకుంటున్నాను. పదకొండే ఎందుకు అంటే, పదితో ఆపితే ఏదోలా ఉంది! కోచ్ పోయి జపమాల మిగిలింది. కాబట్టి ఒక అనుమానానికి ఒకసారే, అదీ మామూలు గొంతుతో. సరిగా అనలేదనిపించినా మళ్ళీ అనకూడదు. వాక్యం అరిగిపోతే మాటలు మార్చేయండి. కొన్నాళ్ళు నా కోచ్ మాట "ఆఁ, సరే" అన్న రెండు ముక్కలే.

నాలుగో మెట్టు: తేలికైన దానితో మొదలు

వారం లెక్కలోంచి ఒక పది సందర్భాలు తీసి, తక్కువ అంకె నుంచి ఎక్కువ అంకెకు పేర్చుకోండి. 30, 40 ఉన్నవాటితో మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు 90ని ఢీకొంటాననడం వీరత్వం కావచ్చు గానీ, ఓడిపోయి ఇంటికొచ్చాక మళ్ళీ ప్రయత్నించాలనిపించదు.

నా మెట్లు ఇలా ఉన్నాయి. ముందు అత్తయ్యకు వంకాయల ఫోను మానడం. తర్వాత ఆయన్ని ఒక్కసారే అడగడం. ఆపైన అడగడం పదిహేను నిమిషాలు వాయిదా వేయడం. ఈ వాయిదా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు అసలు దారి తెరిచింది అదే. ఎప్పటికీ అడగనంటే ఊపిరాడదు. పదిహేను నిమిషాల తర్వాత అడుగుతాననుకుంటే కూర్చోగలను. కొన్నిసార్లు పదిహేను నిమిషాల తర్వాత అడిగాను. కొన్నిసార్లు బడి గంట కొట్టి పిల్లలు చుట్టూ మూగి మరచిపోయాను.

ఫొటోలు తీసేయడం నా పట్టికలో 85. ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ తొలగించాను, చెత్తబుట్టతో సహా. ఒక్కసారిగా అన్నీ ఎంచి తీసేయవచ్చని మా అబ్బాయి చూపించాడు. వద్దన్నాను. ఒక్కొక్కదాన్నీ చూడకుండా తీయడమే ఆ రోజు సాధన.

ఇక్కడ ఒక జాగ్రత్త. సాధన అంటే మామూలు మనుషులు చేసేదానికంటే ప్రమాదమైన పనులు చేయడం కాదు. గ్యాస్ వెలిగించి వదిలి వెళ్ళమని ఎవరూ అనరు. రెగ్యులేటర్ ఆఫ్ చేయాలి, ఒకసారి. అది ఇంటి పని. రెండోసారి నుంచి జబ్బు పని.

ఐదో మెట్టు: ఆ క్షణంలో ఏం చేయాలి

అనుమానం వచ్చి, నాలుక చివర ప్రశ్న నిలిచిన ఆ కొద్ది నిమిషాలు చాలా పొడవుగా ఉంటాయి. ముందు దానికి పేరు పెట్టండి: అడగాలనిపిస్తోంది. ఆలోచన నిజమా కాదా అన్న చర్చలోకి దిగవద్దు. ఓసీడీతో వాదన పల్లెటూరి రచ్చబండ దగ్గర పంచాయితీ లాంటిది, ఎప్పటికీ తెమలదు. తర్వాత కోచ్ మాట, ఒక్కసారి. తర్వాత చేతిలో ఉన్న పని.

ఆ పని ఆలోచనను తరిమేయడానికి కాదని గుర్తుంచుకోవాలి. కూర తరుగుతుంటే అనుమానం పక్కనే కూర్చుని గొణుగుతూ ఉంటుంది. గొణగనివ్వండి. పిలవని చుట్టం వచ్చినప్పుడు వెళ్ళగొట్టనూ లేం, వంట మానేసి మర్యాదలు చేయనూ అక్కరలేదు, అలాగన్నమాట. ఆందోళన పదిహేను నిమిషాల్లో తగ్గవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు, ఆ రోజు తగ్గకపోవచ్చు కూడా. తగ్గడం కోసం గడియారం చూస్తూ కూర్చుంటే అదీ ఒక సరిచూసుకోవడమే. ఈ సాధనలో మెదడు నేర్చుకోవలసింది భయం పోతుందని కాదు, భయం ఉండగానే పప్పు పోపు పెట్టవచ్చని.

ఆరో మెట్టు: ఇంట్లోవాళ్ళతో ఒప్పందం

మన ఇళ్ళలో ప్రేమకు మొదటి రూపం "ఏమీ కాదులే". ఎవరైనా భయపడితే ఆ మాట అనకుండా ఉండటం మనవాళ్ళకు రాక్షసత్వంలా అనిపిస్తుంది. అందుకే ముందు చెప్పకుండా ఒక్కసారిగా జవాబులు ఆపించవద్దు. మనసు నెమ్మదిగా ఉన్న వేళ, భోజనాలయ్యాక, కూర్చుని మాట్లాడుకోండి. ఒప్పందం ఓసీడీ ఉన్న మనిషి నోటి నుంచే రావాలి. "నేను అడిగినా చెప్పకండి" అని నేనే అడిగాను, ఆయన విధించలేదు. ఆ తేడా లేకపోతే అది శిక్షగా మారుతుంది.

పిల్లల విషయంలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలై లెబోవిట్జ్ రూపొందించిన స్పేస్ అనే పద్ధతి ఉంది. అందులో పిల్లవాడిని మార్చడానికి ముందు తల్లిదండ్రులే తమ తీరు మార్చుకుంటారు. వాళ్ళు అనే మాటలో రెండు భాగాలుంటాయి: నీకు కష్టంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవని నమ్ముతున్నాను. గమనించండి, అందులో అనుమానానికి జవాబు లేదు, మనిషికి తోడు ఉంది. మా ఇంట్లో దాన్ని మా భాషలోకి మార్చుకున్నాం.

"ఏమండీ, గ్యాస్..."

"కష్టంగా ఉందా? నేనిక్కడే ఉన్నాను. ఆ మాటకు మాత్రం జవాబు చెప్పను, నువ్వే వద్దన్నావు."

మొదటి వారం ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒకరోజు "మీకు నా మీద ప్రేమ లేదు" అని కూడా అన్నాను. ఆయన ఏమీ అనకుండా టిఫిన్ డబ్బా చేతికిచ్చారు. కోపం వస్తుందని ముందే అనుకుని ఉండటం మంచిది. విసుక్కోవడం, వెక్కిరించడం, "మళ్ళీ మొదలైందా" అనడం మాత్రం ఒప్పందంలో భాగం కాదు. ఒట్లు మా ఇంట్లో పూర్తిగా నిషేధం. ఒట్టు వేసిన మనిషికి ఏమైనా అవుతుందేమోనని మరో అనుమానం పుట్టించడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

మైల, మడి, దేవుడు

మన దగ్గర ఓసీడీ తరచు ఆచారం ముసుగు వేసుకుని వస్తుంది కాబట్టి ఇది విడిగా చెప్పాలి. మడి కట్టుకునే ఇళ్ళలో చేతులు ఇరవైసార్లు కడిగితే శ్రద్ధ అంటారు. పూజలో దేవుడి గురించి పాడు ఆలోచన వస్తే లెంపలు వేసుకుంటాం. ఆ లెంపలు రెండు నుంచి నలభై అయినా ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ సరిగా కాలేదని మళ్ళీ మళ్ళీ చేసే ముస్లింలు, చెప్పిన పాపాన్నే పాస్టరు దగ్గర మళ్ళీ మళ్ళీ చెప్పే క్రైస్తవులు కూడా ఇదే బండిలో ప్రయాణికులు.

పురోహితుడినో ఇమామ్‌నో పాస్టరునో అడగడం తప్పు కాదు. ఒక్కసారి అడగండి, అదీ ఇలా: "ఆచారం పాటించే మామూలు మనిషి దీన్ని ఎంతవరకు చేస్తే చాలు?" ఆ జవాబు పుస్తకంలో రాసి తేదీ వేయండి. రెండోసారి అడిగితే అది ధర్మసందేహం కాదు. పాడు ఆలోచన వచ్చినప్పుడు కోచ్ మాట అదే: "మళ్ళీ వచ్చింది. దీని లెక్క ఇప్పుడు తేల్చను. హారతి ఇస్తాను."

కన్నబిడ్డకు హాని చేస్తానేమో అన్నలాంటి భయంకరమైన ఆలోచనలు వచ్చేవాళ్ళు వాటిని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు. రాక్‌మన్, డి సిల్వా అనే పరిశోధకులు 1978లోనే, ఓసీడీ లేనివాళ్ళకు కూడా ఇలాంటి అడ్డదిడ్డమైన ఆలోచనలు వస్తాయని చూపించారు. ఈ సంగతి ఒకసారి తెలుసుకోండి. కానీ ప్రతి రాత్రి పడుకునే ముందు ఇదే పేరా తెరిచి చదువుకుంటున్నారంటే, ఇది కూడా మీకు ఒట్టుగా మారిందన్నమాటే.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

రోజుకు గంటకు మించి సమయం పోతున్నా, ఉద్యోగం, చదువు, కాపురం దెబ్బతింటున్నా ఒంటరిగా పోరాడవద్దు. ఎస్సెస్సార్ఐ రకం మందులు (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవి) ఓసీడీలో డిప్రెషన్‌కు వాడేదానికంటే తరచు ఎక్కువ మోతాదులో అవసరమవుతాయి, వాటి పనితనం తేలడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానేసేవాళ్ళు ఎందరో. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు ఈఆర్‌పీ చేస్తారా అని సూటిగా అడగండి. ప్రతి వారం వెళ్ళి ఏమీ కాదని చెప్పించుకుని వస్తుంటే, ఫీజు కట్టి భరోసా కొనుక్కుంటున్నట్టే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనిపిస్తే ఆ ఫోను వెంటనే చేయండి, ఇంట్లోవాళ్ళకూ చెప్పండి. ఇది భరోసా అవుతుందేమోనని ఆగవద్దు. అది సహాయం అడగడం, దానికి ఈ మెట్లలో ఏదీ అడ్డు కాదు.

జారినప్పుడు

జారతాం. నిద్ర లేనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఇంట్లో పెళ్ళి పనుల హడావిడిలో. ఒకసారి అడిగేశాక, ఇక అంతా పోయింది కదా అని ఇంకో నాలుగుసార్లు అడగడం అసలు నష్టం. అడిగేస్తే, దొరికిన జవాబును చెడగొట్టండి. నేను చేసేది ఇది: "ఆయన చెప్పింది కరెక్టో కాదో నాకు తెలియదు" అని ఒకసారి పైకి అని, పనిలో పడతాను. ఊరట కాస్త చేదెక్కుతుంది, ఆ చేదే కావాలి. రాత్రికి పుస్తకంలో ఒక గీత. తిట్లు రాయను.

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్ళాం, మూడు రోజులు. బస్టాండులో సామాను ఎక్కిస్తుండగా అది వచ్చింది, చాలా నెలల తర్వాత, పాత బలంతో. ఆయన వైపు తిరిగాను. ఆయనకు అర్థమైంది. "కష్టంగా ఉందా?" అన్నారు. "ఆఁ" అన్నాను. "కిటికీ పక్కన కూర్చుంటావా?" అన్నారు.

గ్యాస్ కట్టేశానో లేదో పండుగ మూడు రోజులూ నాకు తెలియలేదు. అరిసెలు వత్తాను, ముగ్గులు వేశాను, మధ్య మధ్య కడుపులో ముడి బిగుసుకునేది, వదిలేది. కనుమ మర్నాడు తిరిగొచ్చి తలుపు తీశాక చెప్పులు విప్పి, ముందు బాల్కనీలోకి వెళ్ళి ఎండిపోయిన కుండీలకు నీళ్ళు పోశాను. తర్వాత బట్టలు సర్దాను. వంటింట్లోకి వెళ్ళింది టీ పెట్టుకోవడానికి, సాయంత్రం ఐదున్నరకు.